మన హిమాలయం ఎక్కాను రా

ఒరేయ్ బత్తాయీ,

తిట్టేది ఉంటే ఇక్కడే తిట్టేసి ముందుకు చదువు. దసరాకు నువ్వు రాసిన ఉత్తరానికి మాఘమాసంలో జవాబు రాస్తున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో వదిలేశాను, క్షమించు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. ఈ సంగతి మాత్రం మొదటి నుంచి చివరి దాకా నేనే చెప్పాలి, నువ్వు నోరు మూసుకొని వినాలి.

ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మ మోకాలు ఇప్పుడు నయం. మీ చెల్లె నిన్నూ వదిననూ అడిగానని రాయమంది. చిన్నోడు రెండో తరగతి. తోటలో బత్తాయి కత్తెర కాపు కోతకు వచ్చింది, రేటు ఎట్లుంటదో చూడాలి. మీ ఇంటి ముందు యాపచెట్టు పోయిన వానకాలం గాలికి కూలింది. ఆ సంగతి రాయాలంటే మనసొప్పలేదు, అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. సరే.

బండి కొన్నాను రా! డర్ట్ బైక్. టూ స్ట్రోక్! కవాసాకి కేఎక్స్112. పచ్చటి పచ్చ, చిలక రంగు. ఐదు లక్షలకు కాస్త తక్కువ. చిట్టీ ఎత్తాను, పోయిన సీజన్ కాపు డబ్బులు కొంత కలిపాను. మీ చెల్లె మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు "హెల్మెట్ మంచిది కొన్నవా?" అని అడిగింది. అంతే, ఒప్పుకున్నట్టే.

దాని బరువు ఎంతో తెలుసా? 77 కిలోలు. మన స్ప్లెండర్ 112 కిలోలు కదా, దీని సీసీ 112! వెనక చక్రం పట్టుకుని ఒక్కణ్ణే పక్కకు జరిపేస్తున్నాను. హెడ్‌లైట్ లేదు, ఇండికేటర్ లేదు, మీటర్ లేదు, సెల్ఫ్ లేదు. సైడ్ స్టాండ్ కూడా లేదు రా. ఇంటికి తెచ్చిన రోజు ఎక్కడ ఆనించాలో తెలియక బత్తాయి ట్రే బోర్లించి ఇంజన్ కింద పెట్టాను. ఇప్పటికీ అదే దాని స్టాండు. రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి రోడ్డు ఎక్కడానికి లేదు. షోరూమ్ నుంచి ట్రాలీ ఆటోలోనే తెచ్చాను.

వచ్చేటప్పుడు నార్కట్‌పల్లిలో మలుపు తిరిగాక చెరువుగట్టు దగ్గర ఆగాం. గట్టు మీద జడల రామలింగేశ్వర స్వామికి మొక్కకుండా మనం ఏ బండీ నడపలేదు కదా. ట్రాలీ మీదే పూజ. పంతులు గారు బొట్టు పెట్టడానికి నంబర్ ప్లేటు కోసం వెతికి, ముందున్న ఖాళీ ప్లాస్టిక్ ప్లేటు మీద పెట్టారు. "తాళం చెవి ఇవ్వండి, స్వామి దగ్గర పెట్టి తెస్తా" అన్నారు. దీనికి తాళమే లేదు! ఇంజన్ ఆపడానికి ఒక నొక్కుడు బటన్, అంతే. చివరికి నా గ్లౌజులు తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చారు. ఇప్పటికీ అవే వేసుకుంటున్నాను, కుంకుమ మరక పోలేదు.

ఇంజన్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఓపిక పట్టు. మీ బాపు యమహా ఆర్‌ఎక్స్ 100కి టూటీ ఆయిల్, అదే టూ స్ట్రోక్ నూనె, దాని డబ్బా వేరే ఉండేది, పంపే కలుపుకునేది. దీంట్లో ఆ పంపు లేదు. పెట్రోల్‌లో మనమే కలిపి పోయాలి, 32 వంతులకు ఒక వంతు. ఐదు లీటర్లకు 156 మిల్లీలీటర్లు. చిన్నోడి మందు సీసా మూత ఉంటుంది చూడు, గీతలు గీసి ఉన్నది, మొదటి రోజు దాంతోనే కొలిచాను. చేతులు వణికాయి రా, నిజంగా. నూనె మరిచి ఒట్టి పెట్రోల్ పోశామా, పిస్టన్ పట్టేస్తుంది, కథ అయిపోయినట్టే. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కదా, అది తేమను పీల్చుకుంటుంది. అందుకే కలిపింది నిల్వ పెట్టను, ఏ పూటకు ఆ పూటే.

మన నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి మెకానిక్ ఉస్తాద్ గుర్తున్నాడా? ఇప్పుడు దుకాణం కొడుకు చూస్తున్నాడు, ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బండి ఫోటో చూపించగానే లేచి నిలబడ్డాడు. నెల రోజులు ఆయనే నాకు గురువు. "బేటా, మొదలు మొదలే గట్టిగ గుంజకు. పది నిమిషాలు నడుపు, చల్లారనియ్, మల్ల నడుపు" అన్నాడు. అట్లనే చేశాను. ప్లగ్గు విప్పి తీసుకురమ్మన్నాడు. కొస దగ్గర తెల్లటి పింగాణీ ఉంటుంది చూడు, దాని రంగు చూస్తే లోపల మంట ఎట్లుందో తెలుస్తుందట. నల్లగా తడిసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ, వేడెక్కుతోందన్నమాట. నాది ఎండలో పెట్టి చూసి, వేలితో తుడిచి, "బెల్లం రంగున్నది. ఇగ గుంజు" అన్నాడు. ఆ మాట కోసం ఎన్ని రోజులు ఎదురుచూశానో!

గుంజాను.

ఎట్ల చెప్పాలిరా నీకు. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట. దీంట్లో ప్రతి చుట్టుకూ మంటే. ఫోర్ స్ట్రోక్‌లో ఉండే వాల్వులు లేవు. సిలిండర్ గోడకు కిటికీల్లాంటి కంతలుంటాయి, పిస్టనే పైకీ కిందికీ పోతూ వాటిని తెరుస్తుంది, మూస్తుంది. ఆ పొట్ట ఉబ్బిన సైలెన్సర్ ఉత్త అందానికి కాదు. బయటికి పోయే పొగ అలను అది వెనక్కి కొడుతుంది, తప్పించుకుపోతున్న కొత్త పెట్రోల్‌ను మళ్ళీ లోపలికి తోస్తుంది. కానీ అది కుదిరేది ఇంజన్ ఒక వేగం అందుకున్నాకే. అందుకే తక్కువ రేస్‌లో బండి నిద్రలో ఉన్నట్టుంటుంది. బోరు మోటార్ వేయగానే పైపు ముందు గాలి కక్కి, నాలుగుసార్లు దగ్గి, అప్పుడు ఒక్కసారిగా నీళ్ళు తన్నుకొస్తాయి కదా? అచ్చం అదే. మన చెల్కలో మూడో గేరులో ఆ నీళ్ళు తన్నుకొచ్చిన క్షణాన చేతులు హ్యాండిల్‌ను వదిలేస్తాయేమో అనిపించింది. ఆ వాసన కూడా అదే రా, కాలిన నూనె వాసన, మీ బాపు పొద్దున బండి తీసినప్పుడు మీ గల్లీ అంతా నిండేదే.

ఇక అసలు సంగతి. మన హిమాలయం, అదే, ఒర్రె దగ్గరి ఆ మొరం గుట్ట.

2008, పదో తరగతి సెలవులు. మీ బాపు మధ్యాహ్నం పడుకున్నాక 1994 మోడల్ ఆర్‌ఎక్స్‌ను ఒర్రె దాకా తోసుకుంటూ పోయాం. నేను ఎక్కాను, నువ్వు వెనక నుంచి తోశావు. ఏనుగు బండ దాకా కూడా పోలేదు, మొరం మీద జారి కుడివైపు పడ్డాను. టాంకు మీద అరచేతి వెడల్పు సొట్ట. నడిపింది నేనని నువ్వు చెప్పలేదు. తాటి మట్ట దెబ్బలు నీ ఒక్కడికే పడ్డాయి. నేను మా ఇంటి దొడ్లో కూర్చుని విన్నాను రా. బయటికి రాలేదు. ఇన్నేళ్ళలో మనం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నువ్వెందుకు ఎత్తలేదో తెలుసు. నేనెందుకు ఎత్తలేదో... సరే, అది వచ్చాక మాట్లాడుకుందాం.

మొన్న ఆదివారం తెల్లారుజామున ట్రాలీలో బండి వేసుకుని పోయాను. బూట్లు, మోకాలి గార్డులు, ఛాతీ గార్డు, అన్నీ. ట్రాలీ నడిపే తమ్ముడు కింద నిలబడ్డాడు.

మొదటిసారి రెండో గేరులో బయలుదేరాను. సగం దూరంలో రాళ్ళు చూసి భయం వేసి రేస్ తగ్గించాను. టూ స్ట్రోక్‌కు అది పనికిరాదు, కింద బలం ఉండదు, గుక్కున ఆగిపోయింది. ముందు బ్రేకు పట్టినా మొరం మీద వెనక్కి జారుతూనే ఉన్నాం. బండిని పక్కకు వాల్చి దాని మీదే పడుకున్నాను.

రెండోసారి ఆ భయంతోనే రేస్ ఎక్కువ ఇచ్చాను. ఏనుగు బండ దగ్గర సరిగ్గా బోరు నీళ్ళు తన్నుకొచ్చాయి. ముందు చక్రం లేచింది, ఆకాశం కనపడింది. నేను వెనక్కి దిగిపోయాను, బండి పోయి పరికి కంపలో దూరింది. ముళ్ళు తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. బండికి ఒక గీత కూడా పడలేదు, హ్యాండిల్ కాస్త వంకరపోతే కాళ్ళ మధ్య చక్రం పట్టుకుని తిప్పేశాను. ట్రాలీ తమ్ముడు "అన్నా, పోదాం పా" అన్నాడు.

మంచినీళ్ళు తాగి బండ మీద కూర్చున్నాను. చూస్తే నేను రెండుసార్లూ చక్రం ముందున్న రాయినే చూస్తున్నాను. పైనున్న రావిచెట్టును చూడటం లేదు. మూడోసారి ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాను, మోకాళ్ళతో టాంకును నొక్కి పట్టాను, ఛాతీ హ్యాండిల్ మీదికి తెచ్చాను. క్లచ్ మీద ఒక్క వేలు. రేస్ తగ్గించకుండా, చక్రం లేవబోయినప్పుడల్లా ఆ వేలితో కొంచెం క్లచ్ పట్టి వదలడం. చూపు రావిచెట్టు మీద. ఏనుగు బండ పక్క నుంచి పోయింది, నేను చూడనే లేదు. వెనక చక్రం రాళ్ళు విసురుతున్న చప్పుడు, ఆ గీ పెట్టే మోత, తర్వాత ఒక్కసారిగా నేల చదునైపోయింది.

ఎక్కాను రా! రావిచెట్టుకు బండిని ఆనించి అరిచాను, నీ పేరు పెట్టి అరిచాను. అక్కడి నుంచి చూస్తే పానగల్లు వైపు ఉదయసముద్రం చెరువు ఎండకు కళ్ళు తెరవనీయకుండా మెరుస్తోంది. లతీఫ్ సాబ్ గుట్ట చిన్నదిగా కనిపించింది. నువ్వు పక్కన లేవు, అదొక్కటే.

దిగేటప్పుడు మాత్రం నిజంగా టెన్షన్ పడ్డాను. ఫోర్ స్ట్రోక్ బండైతే గేరులో వేసి రేస్ వదిలేస్తే ఇంజనే పట్టి ఆపుతుంది. దీంట్లో ఆ పట్టు దాదాపు లేదు. పైగా ఉస్తాద్ మరీ మరీ చెప్పాడు: "ఉతారంల రేస్ మొత్తం మూసి ఇంజన్‌ను గేర్ల ఉరికియ్యకు. పెట్రోల్ రాకుంటే నూనె కూడ రాదు, బేటా." నూనె పెట్రోల్‌లోనే ఉంది కదా! అందుకే క్లచ్ పట్టి, నడుము వెనక్కి వాల్చి, రెండు బ్రేకులూ కొంచెం కొంచెం పట్టి వదులుతూ, మధ్యమధ్య చిన్నగా రేస్ ఇస్తూ దిగాను. ఎక్కడం గట్టిగా లెక్కపెడితే అర నిమిషం లేదు. దిగడానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

ఇంటికి పోలేదు. ట్రాలీని నేరుగా మీ ఇంటికి తిప్పమన్నాను.

మీ బాపు అరుగు మీద పేపరు చదువుతున్నాడు. నేను దుమ్ముతోనే పోయి కూర్చుని చెప్పాను. "పెద్దనాయినా, ఆ రోజు ఆర్‌ఎక్స్ పడేసింది నేను, మీవోడు కాదు" అని. పేపరు మడిచాడు. ఏమన్నాడో తెలుసా? "సొట్ట కుడి పక్కకు వడ్డది. మావోడు వడేస్తే ఎడమకే వడేస్తడు. గప్పుడే తెల్సు." నాకు మాట రాలేదు. మరి వాణ్ణెందుకు కొట్టారు అని అడిగాను. "చెప్పనందుకు" అన్నాడు. కాసేపు ఊరుకుని, "చెప్పనందుకే మల్ల మంచిగ కూడ అనిపిచ్చింది" అన్నాడు. నీకు ఈ మాట ఎప్పుడైనా చెప్పాడా? చెప్పి ఉండడు. అందుకే అన్నీ వదిలేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తర్వాత "దిగుడెట్ల దిగినవ్?" అని అడిగాడు. క్లచ్ పట్టి దిగానంటే తలూపాడు. లేచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు, వంగి కార్బురేటర్ చూసి, చోక్ ఎక్కడుందో నన్ను అడగకుండానే పట్టుకున్నాడు. చెప్పులతోనే కిక్ కొట్టాడు. రెండో కిక్కుకు అందుకుంది. ఎక్కలేదు, ఊరికే నిలబడి కొంచెం కొంచెం రేస్ ఇస్తూ విన్నాడు. పెద్దమ్మ చేతులకు పిండితోనే బయటికొచ్చి, పొగలో నిలబడి, "మనదేనా?" అంది. మీ ఆర్‌ఎక్స్ అనుకుంది, 2011లో అమ్మేసిన బండి రా అది. మీ బాపు ఏమీ అనలేదు, చాలాసేపు ఇంజన్ ఆపలేదు.

నువ్వు ఉగాదికి తప్పకుండా రా. బూట్లు నీకూ కొందామని చూస్తున్నాను, తొమ్మిదో నంబరే కదా? ఈసారి నువ్వు ఎక్కాలి, నేను వెనక నుంచి తోస్తాను. వదినను కూడా తీసుకురా, పెద్దమ్మ మరీ మరీ అంటోంది. ఇంకా ఒకటి రాయాలి, ఆ ఎయిర్ ఫిల్టర్ స్పాంజి కడిగేటప్పుడు ఏమైందంటే

కాయ కోసేవాళ్ళు వచ్చేశారు, ట్రాలీ హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

నీ
కిక్కరు