జానెడు కారు, బోరు నీళ్లు

సంపాదకులకు నమస్కారం.

ఇరవై ఏళ్లు షాపుల బోర్డులు రాసినవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చాక బ్రష్షు మూలన పడింది. మొన్న మా అబ్బాయి బెంగళూరు నుంచి ప్లాస్టిక్ కారు కిట్టు తెచ్చిచ్చాడు. 1988లో 16 ఫార్ములా వన్ కారు రేసులకు 15 గెలిచిన మెక్‌లారెన్ ఎంపీ4/4, ఇరవయ్యో వంతు సైజులో. కట్టాక జానెడుంటుంది.

ముక్కలు అతికించడం పెద్ద పని కాదు. టెన్షనంతా డెకాల్స్ దగ్గరే, అంటే నీళ్లలో తడిపి కారు మీద అతికించే అక్షరాల పల్చటి స్టిక్కర్ల దగ్గర. షీటులోంచి కత్తిరించి గోరువెచ్చని నీళ్లలో అరనిమిషం ఉంచాలి. కాగితం మీద అక్షరం కదలగానే తడి బ్రష్షుతో మెల్లగా కారు మీదికి జరపాలి. వంకర పడిందా, నా కంటికి ముల్లే!

మొదట మా బోరు నీళ్లే వాడాను. ఆరాక ఎర్ర రంగు మీద తెల్ల మరకలు, అచ్చం మా ఇంటి గిన్నెల మీద కట్టినట్టే. ఇప్పుడు క్యాను నీళ్లే. ఇంకో తప్పు, మెరుపు వార్నిష్ వెయ్యకుండా గరుకు రంగు మీదే అతికించాను. అడుగున గాలి చిక్కుకొని అక్షరాల చుట్టూ వెండి పొర తేలింది. ఇక మే నెల మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు దారిలోనే ఆరి ఇసుకలా పడుతుంది. తెల్లవారుజామునే కొట్టుకోవాలి.

మీ పిల్లల పేజీలో బొమ్మలకు రంగులేయడంతో పాటు దీనికీ అప్పుడప్పుడు చోటివ్వండి. కిట్టు ఖరీదెక్కువే, కాదనను. మా వీధిలో ముగ్గురు పిల్లలు డబ్బులేసుకొని ఒకటి కొన్నారు. చక్రాలు ఎవరు బిగించాలని రోజూ మా అరుగు మీదే కొట్లాట.

– ఒక పాత బోర్డు పెయింటరు, పాతూరు, అనంతపురం