బ్రోకెన్ హిల్ చూసి వచ్చాం

బిడ్డా,

ఇక్కడ ఆస్ట్రేలియాలో మీ అన్న బీచ్‌లూ మాల్‌లూ చాలానే తిప్పాడు గానీ, నీకు రాయాలనిపించింది మాత్రం మొన్న చూసొచ్చిన బ్రోకెన్ హిల్ అనే గనుల ఊరి గురించే. అడిలైడ్ నుంచి కారులో 500 కిలోమీటర్లు. దారి పొడుగునా ఎర్రమట్టి, పొట్టి పొదలు. ఊరు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానిదే అయినా గడియారం పక్క రాష్ట్రంలోని అడిలైడ్ టైమే.

1883లో గొర్రెల ఎస్టేటులో కంచెలు చూసుకునే చార్లెస్ రాస్ప్ అనే మనిషి ఇక్కడి గుట్ట రాళ్లు చూసి తగరం అనుకున్నాడట. తీరా చూస్తే వెండి, సీసం! రెండేళ్లకు పెట్టిన కంపెనీయే ఇవాళ్టి పెద్ద గనుల కంపెనీ బీహెచ్‌పీ. వీధులకు కూడా ఆక్సైడ్, సల్ఫైడ్, క్లోరైడ్ అంటూ ఖనిజాల పేర్లే.

గనుల్లోంచి తీసిపోసిన రాతిగుట్ట ఊరిపక్కనే ఉంది. దాని మీద కార్మికుల స్మారకం కట్టారు. చనిపోయిన 800 మందికి పైగా కార్మికుల పేర్లు, ఎట్లా పోయారో కూడా చెక్కారు. రాయి పడి ఒకరు, సీసం విషమెక్కి ఒకరు. నేను ఒక్కో పేరూ చదువుతూ నడిచాను. మన బొగ్గుబాయిల్లో రూఫ్ కూలి పోయినవాళ్లంతా గుర్తొచ్చారు. వాళ్ల పేర్లు కూడా ఇట్లా, ఊరంతటికీ కనబడే చోట ఉండాలి బిడ్డా.

1919లో ఇక్కడి కార్మికులు 18 నెలలు సమ్మె చేసి, భూమి లోపల పనికి వారానికి 35 గంటలే అని సాధించుకున్నారు. వందేళ్ల కిందటి మాట! అన్ని నెలలు జీతం లేకుండా ఆ ఇళ్లలో పొయ్యి ఎట్లా వెలిగిందో అని మీ అమ్మ అడిగింది. మా సమ్మెల్లో ఇల్లు నడిపింది తనే కదా.

రేకులతో కట్టిన పాత మసీదు కూడా చూశాం. అఫ్ఘనిస్తాన్ నుంచీ, అప్పటి మన దేశపు వాయవ్యం నుంచీ వచ్చిన ఒంటెలవాళ్లది. రైలు లేని చోట్లకు సరుకులు మోసిన ఒంటెలు వాళ్లవే.

పిల్లలకైతే ఊరి బయట గుట్ట మీది 12 ఇసుకరాతి శిల్పాలు నచ్చుతాయి. పొద్దుగూకక ముందే ఎక్కాలి.

డిసెంబరులో మాత్రం వద్దు, ఎండలు మన రామగుండం ఎండల్లాగే ఉంటాయట. మేలో రండి, బడికి సెలవులే కదా. అల్లుణ్ణి ఇప్పుడే లీవు అడగమను. తేదీలు చెబితే అన్న టికెట్లు చూస్తాడు.

మీ బాపు