గుండుగుత్త లెక్క పసిబిడ్డలకు పనికిరాదు

సంపాదకులకు,

ఆసుపత్రిలో మందు మోతాదు తప్పిందని వార్త వస్తే చాలు, ‘నర్సు నిర్లక్ష్యం’ అన్న శీర్షిక సిద్ధంగా ఉంటుంది. మీ పత్రికా అందుకు మినహాయింపు కాదు. నిర్లక్ష్యం ఉండదని నేననను. నవజాత శిశువుల వార్డులో పనిచేసి, తర్వాత నర్సింగ్ విద్యార్థినులకు మోతాదు లెక్కలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. ఎవరూ లెక్క తప్పకుండానే మోతాదు ఎలా తప్పుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

జెంటామైసిన్‌నే తీసుకుందాం. ఇన్‌ఫెక్షన్ సోకిన పసిబిడ్డకు కిలోకు 5 మి.గ్రా. చొప్పున రోజుకొకసారి రాశారనుకోండి. బిడ్డ బరువు 2.6 కిలోలు, కాబట్టి 13 మి.గ్రా. ఇవ్వాలి. వార్డులో ఉన్నది పెద్దవాళ్లకు వాడే వయల్ (చిన్న మందు సీసా). 2 మి.లీ.లో 80 మి.గ్రా., అంటే మి.లీ.కు 40. పదమూడును నలభైతో భాగిస్తే 0.325 మి.లీ. పరీక్షలో అయితే ఇక్కడికి మార్కులు వచ్చేస్తాయి. వార్డులో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే 0.325 అన్న గీత ఏ సిరంజి మీదా ఉండదు. 1 మి.లీ. సిరంజి మీద నూరో వంతుకొక గీత ఉంటుంది కనుక 0.32 దగ్గర ఆపవచ్చు. తేడా పిసరంత. ఆ సిరంజిలు నిండుకుని 2 మి.లీ.ది చేతికొస్తే దాని మీద పదో వంతుకొక గీత మాత్రమే. 0.3 దగ్గర ఆపాలా, 0.4 దగ్గరా?

ఈలోగా కేస్ షీటులో ఎవరో బరువును గుండుగుత్తగా 3 కిలోలని రాసి ఉంటే మోతాదు 15 మి.గ్రా., అంటే 0.375 మి.లీ. అవుతుంది. దాన్ని ఎవరైనా 0.4 దగ్గరే ఆపుతారు. బిడ్డ ఒంట్లోకి వెళ్లింది 16 మి.గ్రా. ఇద్దరు మనుషులు, ఇద్దరూ పైకే సవరించారు. విడివిడిగా చూస్తే ఎవరిదీ పెద్ద తప్పు కాదు. కలిపి చూస్తే దాదాపు పావు వంతు మందు ఎక్కువ పడింది. అదీ మూత్రపిండాలకు, వినికిడికి హాని చేయగల మందు.

అందుకే రౌండ్ చేయడం ఒక్కసారే, లెక్క చివర్లోనే అని విద్యార్థినులకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది. సెలైన్ గంటకు 90 మి.లీ. ఎక్కాలంటే నిమిషానికి 1.5 మి.లీ. మి.లీ.కు 20 చుక్కలు పడే డ్రిప్ సెట్టయితే 30 చుక్కలు. ఒకటిన్నరను దారిలోనే రెండు చేసుకున్న అమ్మాయి 40 చుక్కలు పెడుతుంది, గంటకు 120 మి.లీ. ఎక్కిపోతుంది. అర చుక్క వదలలేం కాబట్టి చివర్లో సవరించక తప్పని సందర్భాలుంటాయి. ఆ సవరణ అక్కడే జరగాలి.

కొలమానాల గొడవ వేరే ఉంది. మైక్రోగ్రామును గొలుసుకట్టు రాతలో పొట్టిగా (µg) రాస్తే మిల్లీగ్రాములా (mg) కనిపిస్తుంది, తేడా వెయ్యి రెట్లు. ఇన్సులిన్‌లో మి.లీ.కు 40 యూనిట్లది, 100 యూనిట్లది రెండూ దొరుకుతాయి. 100 యూనిట్ల రకం మందును, 40 యూనిట్ల రకానికి వాడే ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. ఇళ్లలో కూడా ఇలాంటిదే జరుగుతుంది. పారాసెటమాల్ చుక్కల మందులో మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటే, మామూలు సిరప్‌లో 5 మి.లీ.కు 120 మి.గ్రా. ఉంటుంది. ‘అర చెంచా (2.5 మి.లీ.) పట్టండి’ అని డాక్టరు ఫోనులో సిరప్ గురించి చెబితే, తల్లి చేతిలో చుక్కల సీసా ఉందనుకోండి, 60 మి.గ్రా. పడాల్సిన చోట 250 పడుతుంది. చెంచా లెక్కలు మానేసి, ఏ సీసా అని ముందు అడగాలి.

జెంటామైసిన్ మి.లీ.కు 10 మి.గ్రా. బలంతోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో రెండు బలాలూ ఉన్నాయి. చిన్న బలంది వార్డులో ఉంటే మన బిడ్డకు సరిగ్గా 1.3 మి.లీ., 2 మి.లీ. సిరంజి మీద గీతకు గీత సరిపోతుంది. అది లేనప్పుడు పెద్ద బలం వయల్‌లోని 2 మి.లీ.కు 6 మి.లీ. స్టెరైల్ నీళ్లు కలిపి అదే బలానికి తెస్తారు. పద్ధతి మంచిదే, కానీ రాత్రి డ్యూటీలో అది ఇంకో లెక్క, పొరపాటుకు ఇంకో తావు.

కాబట్టి శిశువుల వార్డుల ఇండెంటులో (స్టోరు నుంచి తెప్పించుకునే సరుకుల పట్టీలో) చిన్న బలం వయళ్లు, 1 మి.లీ. సిరంజిలు ఎప్పుడూ నిండుకోకుండా చూడాలి. బరువును దశాంశంతోనే రాయాలి. మోతాదును మి.గ్రా.లోనూ మి.లీ.లోనూ రాసి, రెండో నర్సు విడిగా లెక్క కట్టి సరిచూశాకే సూది వేయాలి. నర్సింగ్ పరీక్షల్లోనూ జవాబు 0.325 దగ్గర ఆగిపోకుండా, ఏ సిరంజితో ఏ గీత వరకు లాగుతావని కూడా అడగాలి.

– ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్, ఏలూరు