స్టేడియం మిత్రుల సంఘం, శ్రీకాకుళం: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మనం తలకెత్తుకున్న పనుల్లో పెద్దది మన కోడి రామ్మూర్తి స్టేడియం చరిత్ర రాయించడం. అందుకే రిపోర్టు కూడా దాంతోనే మొదలెడుతున్నాను, జమాఖర్చుల సంగతి చివర్లో చెప్తాను.

అసలు ఈ ఆలోచన ఎలా వచ్చిందంటే, సాయంత్రం ప్రాక్టీసుకొచ్చే గుంటల్ని కూర్చోబెట్టి కోడి రామ్మూర్తి ఎవర్రా అని అడిగితే ఒకడు పాత ఎమ్మెల్యే అన్నాడు, ఇంకొకడు స్టేడియానికి స్థలమిచ్చిన దాత అన్నాడు, తెలిసి చెప్పింది ఒకరిద్దరే. రోజూ ఆ పేరున్న గేటులోంచే వచ్చే పిల్లలు కదా, మనసుకి కష్టమనిపించింది. తప్పు వాళ్లది కాదు, చెప్పాల్సింది పెద్దవాళ్లం మనం.

అందుకని ముందు ఆయన గురించే రాశాం. 1882లో వీరఘట్టంలో పుట్టారు, విజయనగరంలో పెరిగారు, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారు, తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగారు. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఇనప గొలుసులు తెంపడం, స్టార్టు చేసిన కార్లని కదలనీయకుండా ఆపేయడం ఇవన్నీ జనం టికెట్ కొని చూసినవే, కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్ అన్న పేర్లు ఊరికే రాలేదు. ఇంత బలం ఉన్న మనిషి శాకాహారి అని చెప్తే పిల్లలు అస్సలు నమ్మలేదు! 1942లో పోయారు. 2022లో జిల్లాల విభజనప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది. అంటే ఆయన సొంతూరు ఇప్పుడు మన జిల్లాలో లేదు, పేరు మాత్రం మన దగ్గరే ఉంది, అందుకని దాన్ని నిలబెట్టుకునే పూచీ మనకి ఇంకాస్త పెరిగిందని నా అభిప్రాయం.

ఇక స్టేడియం సంగతి. పాతది పడగొట్టి కొత్తది కడతామని మొదలెట్టిన పని ఏళ్లకేళ్లు సాగిందని మీ అందరికీ తెలుసు. ఆ రోజుల్లో పిల్లలు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకని, ఇంకెక్కడికని తిరిగారు, కొందరైతే ఆటే మానేశారు. పదిహేనేళ్ల వయసులో రెండేళ్లు ప్రాక్టీసు పోతే ఆ పిల్లకి గానీ పిల్లాడికి గానీ మళ్లీ ఆ వయసు ఎవరిస్తారు? చరిత్ర రాసేటప్పుడు కట్టిన తేదీలు, రిబ్బన్ కటింగులు మాత్రమే కాదు, ఈ ఖాళీ ఏళ్లు కూడా రాయాలని మీటింగులో గట్టిగా అనుకున్నాం. అప్పుడు ఆడి ఆగిపోయినవాళ్లతో మాట్లాడి ఫోన్లో రికార్డు చేస్తున్నాం, సగం పైనే అయ్యింది, రిటైరైన పీఈటీ మాస్టార్లు కూడా బాగా సహకరిస్తున్నారు.

ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ గారి జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం ఎప్పట్లాగే చేశాం. దానికంటే నాకు సంతృప్తినిచ్చింది సెప్టెంబరు 19 కార్యక్రమం. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చి ఆ రోజుకి సరిగ్గా 25 ఏళ్లు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు. పైన ఇద్దరూ 242.5 దగ్గరే ఉన్నారు. ఆఖరి క్లీన్ అండ్ జెర్క్ ప్రయత్నంలో 137.5 పెట్టుకుంది, అది లేచుంటే బంగారమే.

ఊరికే స్పీచులిస్తే పిల్లలకి ఎక్కదని మన లిఫ్టర్ సభ్యుడొకరు ఆ 130 కిలోలని కళ్లముందు పెట్టి చూపించారు. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, ప్లేట్లు జారకుండా అటూ ఇటూ బిగించే కాలర్లు కలిపి 5, తర్వాత ఒక్కో పక్క ఎర్ర ప్లేట్లు రెండు, అంటే 25లు రెండు, ఆపైన 5 కిలోల ప్లేటు ఒకటి. ప్లేటు ఎక్కించినప్పుడల్లా పిల్లలు కూడిక చేసి గట్టిగా అరుస్తున్నారు. మొత్తం ఎక్కించాక అందరూ దగ్గరికెళ్లి చేత్తో నెట్టి చూశారు, ఎత్తనివ్వలేదు లెండి, నడుములు జాగ్రత్త. ఆ తర్వాత వారంలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పిస్తారా అని ముగ్గురు నలుగురు అమ్మాయిలు వాళ్ల అమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చారు. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఊరంతా లిఫ్టర్లే అని పేరు, మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం తెచ్చింది అక్కడినుంచే, మరి మన దగ్గర ఎందుకు కాకూడదు?

సంక్రాంతి ముందు కబడ్డీ కోర్టులు వేశాం. మగపిల్లలకి 13 బై 10 మీటర్లు, ఆడపిల్లలకి 12 బై 8. సున్నం అయితే కాళ్లు, కళ్లు మండుతున్నాయని ఈసారి ముగ్గుపిండి వాడాం, సభ్యుల ఇళ్లల్లో ఆడవాళ్లే వచ్చి తాడు పట్టుకుని గీతలు లాగారు, కూతకెళ్లినవాళ్లు దాటాల్సిన గీత, అంటే బాక్ లైను, మధ్య గీతకి 3.75 మీటర్లలో రావాలి, ఆడపిల్లల కోర్టుకి 3 మీటర్లే, అది కూడా టేపుతో కొలిచి మరీ వేశారు. గీత వంకర లేదు. మగవాళ్లం వేసిన ఏ ఏడూ ఇంత నీటుగా రాలేదు.

కానివి కూడా చెప్పాలి. అమ్మాయిలు బట్టలు మార్చుకోడానికి గది, శుభ్రమైన బాత్రూము, సాయంత్రం ఆరు దాటాక సరిపడా లైట్లు, ఈ మూడూ అడుగుతూ అర్జీలు ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. మళ్లీ ఇస్తాం. చీకటి పడేలోపు ఇంటికి పోవాలని అమ్మాయిలు ముందే సర్దుకుని వెళ్లిపోతుంటే అబ్బాయిలకి దొరికిన టైములో సగమే వాళ్లకి దొరుకుతోంది, అందుకే లైట్ల మాట వదలకూడదు.

జమాఖర్చుల కాపీ కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు, అనుమానం ఉంటే సర్వసభ్య సమావేశంలో అడగండి. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ నెలలో కట్టేస్తే వేసవి క్యాంపుకి బంతులు, నెట్లు కొనేస్తాం.

చివరగా ఒక విన్నపం. పాత స్టేడియం ఫోటోలు, టోర్నమెంటు సర్టిఫికెట్లు, పేపర్ కటింగులు మీ ఇళ్లల్లో ఉంటే తెచ్చివ్వండి, స్కాన్ చేసుకుని అసలువి అదే రోజు మీ చేతికిచ్చేస్తాం. పొద్దున్న వాకింగ్ టైములో గేటు దగ్గర మన వాళ్లు ఉంటారు. ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు, ఏ సంవత్సరమో గుర్తున్నంత వరకు వెనక పెన్సిల్‌తో రాసి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి