ఒరేయ్ చిన్నా, లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టొద్దు

చిన్నా,

నీ ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫోన్‌లోనే చెబుదామంటే నాన్న స్పీకర్ ఆన్ చేసి పక్కనే కూర్చుంటారు, అమ్మ మధ్యలో నా ఆరోగ్యం మీదికి మాట మళ్లిస్తుంది, అసలు సంగతి ప్రతిసారీ సగంలోనే ఆగిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే, ఓపిక తెచ్చుకో.

ముందు ఆ లోన్ సంగతి తేలుద్దాం. కన్సల్టెన్సీ వాళ్లు ఏదో రెండేళ్ల మాస్టర్స్ చూపించారని, నాన్న బ్యాంకు నుంచి కాగితాలు కూడా తెచ్చేశారని అన్నావు. ఈ పేరా ఆయనకి గట్టిగా చదివి వినిపించు. నాన్నా, అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి మామూలుగా మనం ఫీజు కట్టం. ట్యూషన్ ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ కూడా వాళ్లే ఇస్తారు. దానికి బదులు మొదటి ఒకటి రెండేళ్లు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) పనిచేయాలి, అంటే డిగ్రీ పిల్లల చేత ల్యాబ్ చేయించడం, వాళ్ల రిపోర్టులు దిద్దడం, వారానికి 20 గంటల వరకు. ఆ తర్వాత గైడ్ తన ప్రాజెక్టు డబ్బుల్లోంచి ఆర్ఏగా (రీసెర్చ్ అసిస్టెంట్) పెట్టుకుంటారు, అప్పుడిక మన రీసెర్చే మన ఉద్యోగం. నేనొచ్చి నాలుగేళ్లయింది, మీరు నాకు ఒక్క రూపాయి పంపలేదు, గుర్తు తెచ్చుకోండి. దాచుకోవడానికి పెద్దగా మిగలదు, నిజమే, కానీ అప్పు చేయాల్సిన అవసరమూ రాలేదు.

ఇక నీకు. ఇక్కడ పీహెచ్‌డీలో చేరడానికి మాస్టర్స్ ఉండి తీరాలని లేదు, బ్యాచిలర్స్ మీదే తీసుకుంటారు, మధ్యలో మాస్టర్స్ డిగ్రీ కూడా చాలాచోట్ల చేతికిస్తారు. ఫిజిక్స్‌లో విడిగా రెండేళ్ల మాస్టర్స్ అనేదే ఇక్కడ తక్కువ, ఉన్నవాటికి ఫండింగ్ ఇవ్వడం ఇంకా తక్కువ. సీటు ఇచ్చాం అని రాసి డబ్బు ఊసెత్తని ఈమెయిల్ వస్తే దాన్ని సీటు అనుకోకు.

కాకపోతే నీ విషయంలో ఒక మెలిక ఉంది. నీది మూడేళ్ల బీఎస్సీ. చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు, అంటే నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. మీ కాలేజీలో నాలుగో ఏడాది ఆనర్స్ ఉంటే అది చెయ్, లేదంటే మన దగ్గరే ఎమ్మెస్సీ చేసి అప్పుడు అప్లై చెయ్. నేను చేసింది రెండోదే. అది రెండేళ్లు వృథా చేసుకోవడం అని నీ ఫ్రెండ్ అన్నాడట కదా, వాడికి చెప్పు, ఎమ్మెస్సీలో క్వాంటమ్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్ ఒళ్లొంచి చదివి రావడం వల్లే ఇక్కడ పీహెచ్‌డీలో కొనసాగడానికి పాసవ్వాల్సిన క్వాలిఫైయింగ్ పరీక్ష నేను మొదటిసారే గట్టెక్కాను. నాతోపాటు నేరుగా చేరినవాళ్లు ఆ ఏడాదంతా నిద్రలేకుండా గడిపారు.

మన దగ్గర పీజీ అంటే ఈ ఏడాదే ఫారాలు నింపాలి కాబట్టి అదీ చెప్పేస్తా. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి అదే దారి, మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు, మామూలుగా ఫిబ్రవరిలో ఉంటుంది. జెస్ట్ అనే ఇంకో ప్రవేశ పరీక్ష కూడా రాయి, రెండింటికీ చదివేది దాదాపు ఒకటే. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఉంది, బీఎస్సీ తర్వాత నేరుగా చేరొచ్చు, దానికి ఈ రెండు పరీక్షల స్కోర్లూ చూస్తారు. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్ల పరీక్ష వేరు, అది కాస్త గట్టిది, ఫార్ములాలు బట్టీ పట్టినవాడిని ఏరి పక్కన పెట్టడానికే తయారుచేసినట్టుంటుంది. హైదరాబాద్ యూనివర్సిటీ ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇవన్నీ బయటికి వెళ్లలేనివాళ్ల కోసం అనుకోకు. బయట నాకు తెలిసిన మనవాళ్లలో మంచి పని చేస్తున్నవాళ్లు చాలామంది వీటిలో ఏదో ఒకదాన్నుంచి వచ్చినవాళ్లే, అక్కడే పీహెచ్‌డీ చేసి ఇక్కడికి పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగానికి, వచ్చినవాళ్లూ ఉన్నారు.

యూరప్ లెక్క వేరు. అక్కడ ముందు మాస్టర్స్, తర్వాతే పీహెచ్‌డీ, మూడేళ్ల బ్యాచిలర్స్ వాళ్లకీ మామూలే. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు, కొన్నిచోట్ల మాత్రం మనలాంటి బయటివాళ్ల దగ్గర తీసుకుంటారు, కాబట్టి ఒక్కో యూనివర్సిటీ పేజీ చూసుకోవాల్సిందే. మన సర్టిఫికెట్లని పరిశీలించే ఏపీఎస్ అని ఒకటుంది, అది ముందే చేయించుకోవాలి, చివర్లో చూసుకుందాంలే అంటే కుదరదు. జీవన ఖర్చుకి ఏడాది డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, చూపించాలి, నాన్నకి డబ్బు అవసరం నిజంగా వచ్చేది అక్కడే. పీహెచ్‌డీకి వచ్చేసరికి మాత్రం అది జీతమున్న ఉద్యోగం, కాంట్రాక్టు రాసిస్తారు. ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్ అని ఇంకోటి ఉంది, రెండు మూడు దేశాల్లో తిరుగుతూ చదవడం, స్కాలర్‌షిప్ వస్తే ఖర్చంతా గడిచిపోతుంది, పోటీ కూడా అలాగే ఉంటుంది.

వీటికంటే నీకు చెప్పాలనుకున్నది, ఎందుకో మన కాలేజీల్లో ఎవరూ చెప్పనిది, ఇటలీలో ట్రియెస్టేలో ఉన్న ఐసీటీపీ అనే థియరీ ఫిజిక్స్ కేంద్రం. 1964లో పాకిస్తాన్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ పెట్టిన సంస్థ. పాకిస్తాన్‌లో భౌతికశాస్త్రం చేయడానికి చుట్టూ మాట్లాడే మనిషి లేక ఆయన దేశం వదలాల్సి వచ్చింది, తర్వాతివాళ్లకి ఆ ఒంటరితనం ఉండకూడదని అది కట్టించాడు. అక్కడ ఏడాది డిప్లొమా కోర్సు ఉంది, ప్రత్యేకంగా మనలాంటి దేశాల పిల్లల కోసమే, ఫీజు లేదు, ఉండటానికి ఖర్చూ వాళ్లే ఇస్తారు. హై ఎనర్జీ, కండెన్స్‌డ్ మ్యాటర్, గణితం, భూమి వాతావరణాల భౌతికశాస్త్రం, ఇలా విభాగాలు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి అక్కడ చదివే వచ్చింది, థియరీలో మా అందరికంటే గట్టిది. థియరీయే కావాలంటే కెనడాలో వాటర్లూలోని పెరిమీటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పది నెలల మాస్టర్స్ కూడా చూడు. బ్యాచిలర్స్‌తోనే నేరుగా పీహెచ్‌డీకి తీసుకుని అందరికీ ఫండింగ్ ఇచ్చేవి అమెరికా బయట కూడా ఉన్నాయి, జపాన్‌లో ఒకినావాలో ఓఐఎస్‌టీ, ఆస్ట్రియాలో వియన్నా దగ్గర ఐఎస్‌టీఏ. రెండుచోట్లా మొదట కొన్ని ల్యాబులు తిరిగి చూసుకుని తర్వాత గైడ్‌ని ఎంచుకోవచ్చు, బోధన ఇంగ్లీషులోనే.

ఇన్ని చెప్పాను కదా అని పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసి, ర్యాంకుల వరసలో పెట్టి, పైనుంచి అప్లై చేసేయకు. నేను సరిగ్గా అదే చేశాను. మీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదుగానీ, మొదటి ఏడాది తొమ్మిది చోట్ల అప్లై చేశాను, తొమ్మిదీ రిజెక్ట్. అమ్మకి మూడే అని చెప్పాను. తొమ్మిదిట్లోనూ థియరీ అనే రాశాను, ఎందుకంటే థియరీ అంటేనే తెలివైనవాళ్లు చేసేదని మన క్లాసులో అందరి నమ్మకం. ఎస్ఓపీ, అంటే ఎందుకు చేరాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం, ఎలా మొదలుపెట్టానో తెలుసా, చిన్నప్పటినుంచి నక్షత్రాలంటే నాకు చాలా ఇష్టం అని. ఇప్పుడు మా ప్రొఫెసర్ అడ్మిషన్ల కమిటీలో ఉంటారు కాబట్టి తెలిసింది, ఆ వాక్యం ఆయన ఒక సీజన్‌లో వందసార్లు చదువుతారు. రికమండేషన్ లెటర్ల కోసం పదవి చూసి పెద్దాయన దగ్గరికి వెళ్లాను, ఆయనకి నా ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు, "నువ్వే రాసుకుని తీసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. నేనూ సంబరంగా రాసుకున్నాను. అలాంటి లెటర్ నాలుగో వాక్యంలోనే దొరికిపోతుంది.

ఆ తర్వాతి ఏడాది ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను కదా, మీరంతా ఖాళీగా ఉండటం కంటే నయమని సర్దిచెప్పుకున్న ఆ ఏడాది. ఎనిమిది నెలలు నేను ప్రధానంగా చేసింది ఒక పాత వ్యాక్యూమ్ పంపు చుట్టూ తిరగడమే. లీకు ఎక్కడో తెలియదు, ప్రెషర్ ఒక చోటికి వచ్చి ఆగిపోతుంది, ఒక్కో జాయింటూ విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. చివరికి వెంట్రుకంత గీత, జాయింట్‌లో గాలి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ మీద. అప్పుడే అర్థమైంది నాకు ఈ పని ఇష్టమని. అక్కడి మేడమ్ రాసిన లెటర్ నేను చూడలేదుగానీ, ఇప్పటి మా గైడ్ ఇంటర్వ్యూలో అడిగిన మొదటి ప్రశ్న ఆ పంపు గురించే. ఈసారి ఐదు చోట్లే అప్లై చేశాను, రెండు వచ్చాయి.

కాబట్టి నువ్వు నన్నడిగిన "ఏ దేశం బెటర్ అక్కా" అనే ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రోజంతా ఏం పని చేస్తూ ఉండగలవో అది ముందు తెలుసుకో. కోడ్ రాస్తూ కూర్చోగలవా, లెక్క తేలక మూడు వారాలు అదే కాగితం ముందు ఉండగలవా, లేక నాలాగా స్పానర్ పట్టుకుంటేనే బుర్ర పనిచేస్తుందా. దానికి ఒక్క వేసవి ప్రాజెక్ట్ చాలు. మన మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది, టీఐఎఫ్ఆర్‌లో వీఎస్‌ఆర్‌పీ అనే వేసవి రీసెర్చ్ ప్రోగ్రాం ఉంది. వేసవి ప్రాజెక్టులకి అప్లికేషన్లు చలికాలంలోనే ముగిసిపోతాయి, పరీక్షలయ్యాక చూద్దాం అనుకునేవాళ్లు అందుకే ప్రతి ఏడాదీ మిస్సవుతారు. ఏదీ రాకపోతే మీ కాలేజీలోనే ఎవరైనా సార్ దగ్గర చిన్న పని పట్టుకో, కానీ నిజంగా చెయ్, రికార్డు కోసం కాదు. నీకు కావాల్సిన మూడు లెటర్లలో కనీసం ఒకటి నీతో కలిసి పనిచేసిన మనిషి నుంచి రావాలి.

చెన్ షుంగ్ వూ అనే భౌతిక శాస్త్రవేత్త గురించి విన్నావా? 1936లో చైనా నుంచి ఓడలో అమెరికా వచ్చింది, సీటు మిషిగన్‌లో. దారిలో బర్కిలీ చూడటానికి ఆగింది, అక్కడ లారెన్స్ అనే శాస్త్రవేత్త కట్టిన సైక్లోట్రాన్, అంటే కణాలని వేగంగా తిప్పే యంత్రం, చూసింది, మిషిగన్‌లో స్టూడెంట్ యూనియన్‌లోకి ఆడవాళ్లని ముందు గుమ్మం నుంచి రానివ్వరని కూడా విన్నది, ఇక అక్కడికి వెళ్లనేలేదు. వీక్ ఇంటరాక్షన్‌లో (కేంద్రకాల బీటా క్షయానికి కారణమైన బలం) ప్యారిటీ, అంటే అద్దంలో ప్రతిబింబం కూడా అసలులాగే నడుస్తుందన్న సూత్రం, నిలవదని తర్వాత రుజువు చేసింది ఆవిడే, కోబాల్ట్-60ని దాదాపు సున్నా కెల్విన్‌కి చల్లబరిచి. నోబెల్ మాత్రం 1957లో ఆ ఆలోచన చెప్పిన లీ, యాంగ్‌లకే వెళ్లింది, ఆవిడకి రాలేదు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు, అది వేరే ఉత్తరం.

నువ్వు సైక్లోట్రాన్ చూడటానికి ఓడెక్కక్కర్లేదు. ఆర్‌కైవ్ అనే వెబ్‌సైట్‌లో రీసెర్చ్ పేపర్లన్నీ ఉచితం. క్లాసులో నచ్చిన విషయం మీద ఒక ఐదు పేపర్లు తియ్, మొదటి పేజీ, బొమ్మలు అర్థమైతే చాలు. ఎవరి పేర్లు మళ్లీమళ్లీ వస్తున్నాయో చూడు, వాళ్ల గ్రూప్ పేజీకి వెళ్లి పాత విద్యార్థులు ఎన్నేళ్లలో బయటపడ్డారో, ఇప్పుడెక్కడున్నారో చూడు. మెయిల్ రాస్తే నాలుగు వాక్యాలు, వచ్చే ఏడాది కొత్త విద్యార్థిని తీసుకుంటారా అని సూటిగా అడుగు. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఎ హార్డ్‌వర్కింగ్ స్టూడెంట్" అనే మెయిల్ రాశావంటే తమ్ముడివని చెప్పుకోను. ఇంకో మాట, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ అని బోర్డు ఉన్నదే చూడకు. మెటీరియల్స్ సైన్స్, అప్లైడ్ ఫిజిక్స్, ఎలక్ట్రికల్, వాతావరణ శాస్త్రం, మెడికల్ ఫిజిక్స్, వీటన్నిటిలో ఫిజిక్స్ వాళ్లని తీసుకుంటారు, కొన్నిట్లో పోటీ కూడా థియరీ అంత దారుణంగా ఉండదు.

తేదీలు: ఇక్కడి పీహెచ్‌డీలకి ఎక్కువగా డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారాల దాకా గడువు. ఫండింగ్‌తో సీటిస్తే చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా జవాబుకి ఆగాలని ఒప్పందం చేసుకున్నాయి, కాబట్టి ఎవరైనా తొందరపెడితే కంగారుపడకు. ఫిజిక్స్ జీఆర్ఈ అనే పరీక్ష ఇప్పుడు చాలాచోట్ల తప్పనిసరి కాదు, కొన్నిచోట్ల పంపినా చూడరు, నీ జాబితా తేలాకే ఫీజు కట్టు. అప్లికేషన్ ఫీజులు మాఫీ చేస్తారా అని డిపార్ట్‌మెంట్‌కి రాయి, అడగడానికి సిగ్గుపడొద్దు, నాకు రెండు చోట్ల మాఫీ చేశారు.

పీహెచ్‌డీ అంటే ఇక్కడ ఐదారేళ్లు. నీ ఫ్రెండ్స్ ఈలోగా కార్లు కొంటారు. చివర్లో ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందన్న గ్యారంటీ లేదు, మా సీనియర్లలో చాలామంది కంపెనీల్లో చేరారు, సంతోషంగానే ఉన్నారు. ఇది కూడా నాన్నకి చదివి వినిపించు, దాచకు, మంచి మాటలే చెప్పి ఒప్పిస్తే మూడో ఏట నీకే కష్టమవుతుంది. నాకు మూడో ఏట మా ల్యాబ్‌లో ప్రయోగాలని సున్నా కెల్విన్ దగ్గరికి చల్లబరిచే ఫ్రిజ్ నాలుగు నెలలు పనిచేయలేదు, ఒక్క డేటా పాయింటూ లేదు, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అంతా బాగుందనే చెప్పాను. చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు మళ్లీ దాన్నే చల్లబరుస్తున్నాను, పది మిల్లీకెల్విన్ల దగ్గరికి దిగేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది, ఈలోగా నువ్వు మూడు పనులు చెయ్. నీ మార్కుల మెమోలు స్కాన్ చేసి పంపు. నీకు నచ్చిన ఐదు పేపర్ల పేర్లు పంపు, నాకు నచ్చుతాయనుకున్నవి కాదు. ఆ లోన్ కాగితాలు బీరువాలో పెట్టి తాళం అమ్మకివ్వు.

ఆదివారం నాన్న నిద్రపోయే టైంలో ఫోన్ చేస్తా, స్పీకర్ పెట్టకు.

అక్క