మంత్రి గారూ, మా డ్యూటీ గంటల లెక్క మీ దగ్గరే ఉంది

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివాను, ఐసీయూలో డ్యూటీ. నా పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు, రాస్తే నా ఉద్యోగం ఉండదు. మీరు ధర్మవరం నుంచి గెలిచినవారు కాబట్టి సీమ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆదోని, ఆలూరు, పత్తికొండ నుంచి, అటు గద్వాల, అలంపూర్ నుంచి కూడా సీరియస్ కేసులు కర్నూలుకే వస్తాయి. పెద్దాసుపత్రి ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు, అప్పో సప్పో చేయగలిగినవాళ్ళు గాయత్రి ఎస్టేట్ వైపు, ఎన్.ఆర్.పేట వైపు ఆసుపత్రుల్లో చేరతారు. డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చి వెళ్ళాక ఆ మంచం పక్కన ఉండేది మేమే.

మేం చేసే గంటలు కాగితం మీదకు రావాలి, వాటికి చట్టం చెప్పిన డబ్బు రావాలి. ఈ ఉత్తరం అందుకోసమే.

ప్రైవేటులో చాలాచోట్ల రెండే షిఫ్టులు, డే, నైట్. పన్నెండేసి గంటలు, వారానికి ఆరు రోజులు. ఆ పన్నెండు కూడా పేరుకే. హ్యాండోవర్ తీసుకోవడానికి అరగంట ముందే రావాలి. డ్యూటీ దిగేటప్పుడు ప్రతి పేషెంటుకూ ఎంత ఎక్కింది, ఎంత యూరిన్ వచ్చింది, డ్రిప్ ఏ రేటులో పోతోంది, ఏ మందు ఇచ్చాం, ఏది ఇంకా ఇవ్వాలి అని బెడ్డు దగ్గర నిలబడి తర్వాతి సిస్టర్‌కి అప్పజెప్పాలి, సరిగ్గా ఆ టైముకే హైవే మీద నుంచి ఒక యాక్సిడెంట్ కేసు వచ్చిందంటే ఇక ఎప్పుడు కదులుతామో చెప్పలేం. మమ్మల్ని దింపాల్సిన రిలీవర్‌కి జ్వరమని ఫోన్ వస్తే ఇంఛార్జి "ఈ ఒక్కరోజు చూడమ్మా" అంటుంది, అది డబుల్ డ్యూటీ. దానికి బదులు కాంప్ ఆఫ్, అంటే ఇంకో రోజు సెలవు ఇస్తామంటారు, అడిగిన రోజున స్టాఫ్ లేరంటారు, నెలాఖరుకి అది పోయినట్టే. పది నిమిషాలు లేటుగా పంచ్ పడితే సగం రోజు జీతం కోస్తారు. రెండు గంటలు ఎక్కువ ఉంటే మాత్రం లెక్కలోకి రాదు. అవుట్ పంచ్ కొట్టేసి మళ్ళీ వార్డులోకి వెళ్ళమనే చోట్లు కూడా ఉన్నాయి.

ఒక్క లెక్క చూడండి సార్. నెలకు 13,000 జీతం అనుకుందాం. 26 రోజులకు రోజుకు 500. ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు. ఓవర్‌టైమ్ అంటే దానికి రెట్టింపు, 125. రోజూ నాలుగు గంటలు ఎక్కువ చేస్తున్నాం కాబట్టి రోజుకు 500. నెలకు మళ్ళీ 13,000. జీతం ఎంతైనా వేసి చూడండి, ఇదే వస్తుంది, నాలుగు గంటలకు రెట్టింపు అంటే ఎనిమిది గంటల కూలి కదా. అంటే పన్నెండు గంటలు చేయించుకుని ఒక్క జీతం చేతిలో పెడుతున్న ప్రతి ఆసుపత్రీ నెల నెలా ఇంకో పూర్తి జీతం మాకు బాకీ పడుతోంది. నాతో పనిచేసే అమ్మాయిలు ఈ మాట నమ్మలేదు, ఫోన్ తీసి మళ్ళీ లెక్క వేసుకున్నారు. ఒకమ్మాయి పొలం అప్పు మీద చదువుకుని వచ్చింది. తను చాలాసేపు ఏం మాట్లాడలేదు.

రెట్టింపు అన్నది నేను పెట్టిన రేటు కాదు. 1948 కనీస వేతనాల చట్టంలో ఓవర్‌టైమ్ గురించి చెప్పింది 14వ సెక్షన్. దాని స్థానంలోకి వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది, అందులోనూ 14వ సెక్షనే, మామూలు రేటుకు రెండింతలకు తగ్గకూడదని స్పష్టంగా ఉంది. ప్రతి ఉద్యోగికీ వేతన స్లిప్ ఇవ్వాలని 50వ సెక్షన్. మూడేళ్ళ లోపు క్లెయిమ్ వేసుకోవచ్చు. డబ్బు ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది యజమానే అని 59వ సెక్షన్. ఇవన్నీ మా స్టాఫ్ రూములో ఎవరికీ తెలియవు, నాకూ ఈమధ్య దాకా తెలియదు. జీతమే తీసుకుంటే, 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ యాభై పడకల కంటే చిన్న ఆసుపత్రిలో కూడా నర్సుకు 20,000కు తగ్గకూడదంది, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది, పని గంటలు, సెలవులు కూడా ప్రభుత్వంలో ఉన్నట్టే ఉండాలంది. కేరళ 2018లో ఆ 20,000ను కనీస వేతనంగా నోటిఫై చేసింది. మనం చేయలేదు. సరే, అది ఇంకో ఉత్తరం.

ఇది మా జేబుకి సంబంధించిన విషయమేలే అనుకోకండి. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల వయల్లోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే పేషెంటుకి రెండున్నర రెట్ల డోసు పోతుంది, షుగర్ పడిపోయి మనిషి కోమాలోకి వెళ్ళొచ్చు. ఆ రెండు రంగుల మధ్య తేడా చూడాల్సిన కళ్ళు తెల్లవారుజామున మూడున్నరకు ఎలా ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి, ఒక పక్క మానిటర్ మోగుతుంటే, ఇంకో పక్క అటెండర్ "సిస్టరమ్మా, బాటిల్ అయిపోయింది చూడు" అని పిలుస్తుంటే, ఐసీయూలో షిఫ్టుకు ఒక పేషెంటుకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ అంటుంటే మేం ముగ్గురిని, నలుగురిని చూస్తుంటే. పన్నెండున్నర గంటలు దాటిన షిఫ్టుల్లో నర్సు చేతిలో పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు ఉంటుందని అమెరికాలో 2004లోనే అధ్యయనం చేసి చెప్పారు. పొరపాటు జరిగితే కొట్టేదీ తిట్టేదీ మమ్మల్నే. పోలీస్ స్టేషన్‌లో మా పేరే ముందు రాస్తారు, ఆ రోజు మేం ఎన్నో గంటలో ఉన్నామో అక్కడ ఎవరూ అడగరు.

మేనేజ్‌మెంట్ మాటా చెప్తాను. నర్సింగ్ అంటే సేవ కదమ్మా, గంటలు చూసుకుంటే ఎట్లా అంటారు. సేవ కాబట్టే రిలీవర్ రాకపోతే మేం వెళ్ళిపోవడం లేదు. ఆ మాటని పట్టుకుని జీతం ఎగ్గొట్టడం అన్యాయం. వైద్య సేవ బిల్లులు లేటుగా వస్తున్నాయి, ఎక్కడి నుంచి ఇవ్వాలి అని కూడా అంటారు. చిన్న నర్సింగ్ హోముల వరకు అది నిజమైన కష్టమే, కాదనను, ఆ బకాయిలు టైముకి ఇవ్వాల్సింది ప్రభుత్వమే. కానీ 2025 అక్టోబరులో వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రులు తమ బకాయిల కోసం సేవలు ఆపగలిగాయి. మా బకాయి కోసం మేం వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని వదిలి బయటకు రాలేం. వదిలి రాబోం కూడా. పైగా చాలామంది ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, చేరేటప్పుడే తీసి పెట్టుకుంటారు, గట్టిగా మాట్లాడితే అవి వెనక్కి రావడానికి నెలలు పడుతుంది. లేబర్ ఆఫీసుకి వెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఓవర్‌టైమ్ లేబర్ శాఖ సంగతి కదా, నాకెందుకు రాశావు అంటారేమో. ఎందుకంటే రుజువు మీ శాఖ దగ్గర ఉంది. మేం ఇచ్చే ప్రతి ఇంజెక్షనుకీ, ఎక్కించే ప్రతి బాటిల్‌కీ, చూసే ప్రతి బీపీకీ నర్సెస్ నోట్స్‌లో టైము వేసి సంతకం పెడతాం. పెట్టకపోతే ఊరుకోరు. మస్టర్‌లో రాత్రి 8కి దిగినట్టు ఉన్న సిస్టర్ సంతకం డ్రగ్ చార్టులో పదిన్నరకు ఉంటుంది. డబుల్ డ్యూటీ చేసిన రోజున ఒకే సంతకం పొద్దుటి నుంచి మర్నాడు పొద్దుటి దాకా వరసగా కనిపిస్తుంది. వైద్య సేవ కేసులకైతే ఆసుపత్రులు క్లెయిమ్ కోసం కేస్ షీట్లు మీ ట్రస్టుకి అప్‌లోడ్ చేస్తాయి. పేషెంటుకి వైద్యం జరిగిందా లేదా అని వాటిని మీ డాక్టర్లు చూస్తున్నారు. అవే కాగితాల్లో మా గంటలూ ఉన్నాయి, ఎవరూ చూడటం లేదు, అంతే.

కాబట్టి కర్నూలులో కొన్ని ఆసుపత్రులతో మొదలుపెట్టించండి. కేస్ షీట్ పక్కన మస్టర్ పెట్టి పోల్చమనండి. ఆ పని డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కార్యాలయం, కార్మిక శాఖ కలిసి చేయాలి, పగలు ఫోన్ చేసి చెప్పి వెళ్ళడం కాకుండా రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళాలి. తేడా ఉన్నచోట గత మూడేళ్ళ ఓవర్‌టైమ్ లెక్క కట్టించాలి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ 2002 చట్టం కింద మీ శాఖ చేతిలోనే ఉంది, ఆసుపత్రులను వైద్య సేవ జాబితాలో చేర్చుకునే ఎంప్యానెల్‌మెంటూ మీదే. డ్యూటీ గంటలు వేసిన వేతన స్లిప్పులు నర్సులకు ఇస్తున్నారా, వాళ్ళ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయా అని చూశాకే ఆ రెండూ రెన్యువల్ చేస్తామని ఒక్క జీవో ఇవ్వండి. ఫిర్యాదు చేసిన నర్సు పేరు బయటకు రాకూడదని అందులోనే రాయండి.

మీరు తనిఖీకి పంపేవాళ్ళు మా ఐసీయూకి వస్తే నా సంతకం ఏదో, దాని పక్కన ఏ టైము ఉందో నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్స్,
కర్నూలు