గొట్టం కొన ఎక్కడుందో చెప్పే యంత్రం గురించి అక్కకు

లీడ్స్, ఇంగ్లండు

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి సంగతి బావ ఫోనులో చెప్పాడు, దాని గురించి విడిగా రాస్తాను. మీ ఐసీయూలో రోగులకు వేసిన గొట్టాలు సరైన చోట ఉన్నాయో లేవో ఎక్స్‌రే చూసి చెప్పే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌ను ఎవరో వచ్చి చూపించి వెళ్ళారనీ, దాన్ని నమ్మవచ్చునా అనీ అడిగావు. ఎక్స్‌రే విభాగంలో నా పనిలో ఎక్కువ భాగం ఈ గొట్టాల చిత్రాలు తీయడమే కనుక కొంత వివరంగానే జవాబు రాస్తున్నాను.

వెంటిలేటర్ గొట్టం కొన, శ్వాసనాళం రెండుగా చీలే చోటికి సుమారు 3 నుంచి 5 సెంటీమీటర్ల పైన ఉండాలని నీకు తెలుసు. కుడి కొమ్మ ఎడమ కొమ్మ కన్నా వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ఎక్కువ లోపలికి పోయిన గొట్టం కుడివైపుకే జారుతుంది, గాలి అందని ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అయితే నాకు అంతకన్నా ఎక్కువ భయం ముక్కులోంచి పొట్టలోకి ఆహారం కోసం వేసే రైల్స్ ట్యూబుతోనే. అది పొట్టలోకి కాక ఊపిరితిత్తిలోకి పోయిన సంగతి గమనించకుండా ఆహారం ఎక్కిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. ఇంగ్లండు ప్రభుత్వ వైద్య వ్యవస్థ దీన్ని ఎన్నడూ జరగకూడని సంఘటనల జాబితాలో చేర్చింది. సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోపుతో పొట్ట మీద చప్పుడు వినే పద్ధతిని నమ్మవద్దని ఇక్కడ 2005లోనే హెచ్చరించారు. గొట్టంలోంచి తీసిన ద్రవం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్ 1 నుంచి 5.5 మధ్య ఉందేమో ముందు చూస్తారు, తేలకపోతే ఎక్స్‌రే తీస్తారు. మీ దగ్గర ఇంకా ఎవరైనా చప్పుడు విని సరిపెట్టుకుంటూ ఉంటే, ఏ సాఫ్ట్‌వేర్ కొనకముందే ఆ అలవాటు మాన్పించమని నిన్ను వేడుకుంటున్నాను.

ఇక యంత్రం సంగతి. రేడియాలజిస్టులు, అంటే ఎక్స్‌రేలు చదివే డాక్టర్లు, వేల ఎక్స్‌రేల మీద ఒక్కొక్క గొట్టం దారినీ, దాని కొననూ గీసి, ఇది సరిగ్గా ఉంది, ఇది అనుమానం, ఇది తప్పు అని గుర్తు పెడతారు. వాటిని చూసి చూసి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రేడియాలజిస్టుల కళాశాల ఇలా గుర్తులు పెట్టిన 30,000కు పైగా ఛాతీ ఎక్స్‌రేలతో 2020 చివరలో అందరికీ తెరిచిన పోటీ మొదలుపెట్టింది. అదే ఏడు అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి పొందిన జీఈ సంస్థ సాఫ్ట్‌వేర్, పోర్టబుల్ ఎక్స్‌రే యంత్రంలోనే ఉండి, గొట్టం కొనకూ శ్వాసనాళం చీలికకూ మధ్య దూరాన్ని మంచం పక్కనే కొలిచి చూపిస్తుంది. రాత్రి రెండు గంటలకు రేడియాలజిస్టు లేని ఆసుపత్రిలో, తెల్లవారేదాకా ఎవరూ చూడని చిత్రాన్ని అది ముందుకు తెచ్చి "దీన్ని చూడండి" అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. మిర్యాలగూడ, దేవరకొండ వంటి చోట్ల పనిచేసే డ్యూటీ డాక్టర్లకు ఆ సాయం అందాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

కానీ అది "తప్పు" అన్నప్పుడు పరుగెత్తాలి, "సరే" అన్నప్పుడు కూడా మన కళ్ళతో చూడాలి. ఛాతీ మీద అతికించిన ఈసీజీ తీగలను అది గొట్టమనుకోవచ్చు. రోగి కొంచెం పక్కకు తిరిగి ఉంటే కొలత మారుతుంది. ముందు నుంచి తీసిన చిత్రంలో లోతు తెలియదు కనుక, అన్నవాహికలోకి పోయిన వెంటిలేటర్ గొట్టం కూడా శ్వాసనాళంలోనే ఉన్నట్టు కనిపించవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరమే ఆధారం. పైగా ఎక్స్‌రే ఆ ఒక్క క్షణానిదే. తరువాత మీరు రోగి తల కింద దిండు మార్చినా, గడ్డం కిందికి వంగితే కొన కిందికి, పైకి లేస్తే పైకి, సుమారు 2 సెంటీమీటర్ల దాకా కదులుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది మన నల్లగొండ నేల. ఆ పోటీలోని చిత్రాలు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆసుపత్రిలో తీసినవి. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పెద్దల ఎముకల వంటివి వాటిలో ఉంటాయని నేను అనుకోను. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరినవారి వెన్నుపూసలూ పక్కటెముకలూ చిక్కబడి ఎక్స్‌రేలో మామూలు కన్నా తెల్లగా కనిపిస్తాయి. ఎదురుగా తీసిన చిత్రంలో రైల్స్ ట్యూబు దారి చాలా మేరకు ఆ వెన్నెముక మీదుగానే సాగుతుంది. తెల్లని ఎముక మీద సన్నని తెల్లని గీతను వెతకడం మనకే కష్టమైతే, అటువంటి వెన్నెముకను ఎన్నడూ చూడని సాఫ్ట్‌వేర్ ఏం చెబుతుందో పరీక్షించి తీరాలి. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు నల్లగొండ పేరు పెట్టారు, ఎందుకంటే ఆ సమస్య అక్కడి నీళ్ళది. ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ కూడా అక్కడి మనుషుల చిత్రాల మీద పరీక్షలో నెగ్గాలని అడగడంలో అత్యాశ ఏమీ లేదు.

అందుచేత ఆ కంపెనీవారు మళ్ళీ వస్తే, వారు తెచ్చిన చిత్రాలు కాకుండా మీ ఆసుపత్రిలోని పాత ఎక్స్‌రేలనే, రోగుల పేర్లు తీసివేసి, ముందుంచమని మీ డాక్టరుగారితో చెప్పు. వాటిలో ఫ్లోరోసిస్ ఉన్నవారివీ, వంకరగా పడిన చిత్రాలూ, మసకబారినవీ తప్పకుండా ఉండాలి. గొట్టం తప్పుగా ఉన్న చిత్రాల్లో ఎన్నిటిని పట్టుకుంది, ఎన్నిటిని వదిలేసింది అని రెండు లెక్కలూ రాయించుకోండి. ఊరికే మోగే హెచ్చరికలు ఎన్నో కూడా రాయించుకోండి, ఎందుకంటే అవి ఎక్కువైతే రాత్రి డ్యూటీలో వాటిని ఎవరూ పట్టించుకోరు. కరెంటు పోయినప్పుడు, ఇంటర్నెట్ లేనప్పుడు అది పనిచేస్తుందా, చిత్రాలు ఎక్కడికి పోతాయి అన్నవి కూడా అడగండి. ఆ లెక్కలు వచ్చాక నాకు పంపితే మా డాక్టర్లకు చూపించి వాళ్ళ అభిప్రాయం రాస్తాను.

బావకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ తమ్ముడు